అచ్చయిన వ్యాసాన్ని అటకెక్కించకండి

పేపర్లో వ్యాసం పడిన రోజు హడావుడే వేరు. పొద్దున్నే క్లిప్పింగు ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. బంధువుల గ్రూపులో, క్లాస్‌మేట్ల గ్రూపులో వేస్తారు. చప్పట్ల బొమ్మలు వస్తాయి. 24 గంటలకు స్టేటస్ మాయమవుతుంది. నెల తిరిగేసరికి ఆ పేపరు అటక మీదికో, పాతపేపర్లవాడి తూకంలోకో పోతుంది. రాత్రుళ్లు కూర్చుని రాసిన శ్రమంతా అక్కడితో సరి.

టాక్స్ కన్సల్టెంట్లు, ఫిజియోథెరపిస్టులు, డైటీషియన్లు, కెరీర్ కౌన్సెలర్లు, ఆర్కిటెక్టులు, పశువైద్యులు... సొంత ప్రాక్టీసు నడుపుకుంటూ పత్రికలకు రాసేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అయితే ఆ రాతలు పేరు తెచ్చినంతగా పని తేవడం లేదని చాలామంది అంటుంటారు. కారణం పెద్ద రహస్యమేం కాదు. మోకాలి నొప్పి మీద మీ వ్యాసం మార్చిలో వచ్చింది. పాఠకుడికి నొప్పి ఆగస్టులో వచ్చింది. అప్పుడతను ఫోన్ తీసి వెతుకుతాడు. మీరు రాసింది అక్కడ లేదు, ఇంకెవరిదో ఉంది. ఫోన్ కూడా వాళ్లకే వెళ్తుంది.

అచ్చయిన వ్యాసాలను మళ్లీ ఆన్‌లైన్‌లోకి తెచ్చి పని రప్పించుకోవచ్చు. కాకపోతే ఉన్నదాన్ని ఉన్నట్టు పది చోట్ల అతికిస్తే సరిపోదు, ఒక్కోసారి అదే ఎదురు తిరుగుతుంది. హక్కు ఎవరిదో చూసుకోవాలి. పాతబడిన సంగతులు సరిచేయాలి. ఏ చోట చదివేవాళ్లకు తగినట్టు అక్కడ మళ్లీ రాయాలి. చివరికి అందరూ ఒకే చిరునామాకు చేరేలా చూడాలి. ఆ వరసలోనే చూద్దాం.

ముందు హక్కు సంగతి

"నేను రాసింది నాదే కదా" అనుకుంటాం. చాలాసార్లు నిజమే, ప్రతిసారీ కాదు.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రచయితే. మీరు బయటి నుంచి రాసి పంపిన వ్యాసానికి పత్రిక పారితోషికం ఇచ్చినంత మాత్రాన హక్కు వాళ్లకు పోదు. హక్కు బదిలీ కావాలంటే కాగితం మీద, సంతకంతో జరగాలని 19వ సెక్షన్ చెబుతోంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే బదిలీ ఐదేళ్లకే. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే. ఒప్పందం నాటికి వాడుకలోనే లేని మాధ్యమానికి, దాని పేరెత్తి రాసుకుంటే తప్ప, బదిలీ వర్తించదని 2012 సవరణలో చేర్చారు.

పత్రికలో జీతం తీసుకుంటూ రాసినవాళ్ల లెక్క వేరు. వేరే ఒప్పందమేదీ లేకపోతే, పత్రికల్లో ప్రచురించుకునే హక్కు యాజమాన్యానిది, మిగతా హక్కులు రచయితవి. అయితే అపాయింట్‌మెంట్ ఆర్డరులో హక్కులన్నీ సంస్థవేనన్న క్లాజు ఉందేమో చూసుకోవాలి. కంపెనీ ఉద్యోగిగా, ఆ ఉద్యోగంలో భాగంగా కంపెనీ మ్యాగజైన్‌కు రాసినది మామూలుగా కంపెనీదే అవుతుంది. వృత్తి జర్నల్స్‌కు పంపేటప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టే ఫారం ఒకటి ఉంటుంది. అందులో హక్కులన్నీ రాసిచ్చి ఉంటే జర్నల్ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. వ్యాసం మీదే అయినా దాంతోపాటు పడిన ఫొటో, కార్టూను, పేజీ డిజైను మీవి కావు. అందుకే క్లిప్పింగును స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో శాశ్వతంగా పెట్టేయడం కన్నా, అక్షరాలను మాత్రం తీసుకుని మీ సొంత బొమ్మతో పెట్టడం క్షేమం.

హక్కు మీదేనని తేలినా ఎడిటర్‌కు ఒక మాట చెప్పడం మర్యాద. రేపు మళ్లీ రాయాల్సింది వాళ్లకే. నాలుగు వాక్యాలు చాలు:

"నమస్కారం సార్. మీ పత్రిక మనీ పేజీలో ఫలానా తేదీన వచ్చిన నా వ్యాసాన్ని, కొత్త వివరాలు చేర్చి నా వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలనుకుంటున్నాను. మొదట మీ పత్రికలో వచ్చిందని తేదీతో సహా రాస్తాను. మీ ఫొటోలు, పేజీ డిజైను వాడను. ఏమైనా అభ్యంతరం ఉన్నా, ఇన్ని రోజులు ఆగాలన్న నియమం ఉన్నా చెప్పగలరు."

వచ్చిన జవాబును దాచుకోండి. ఫోన్‌లో "పెట్టుకోండి, ఏం ఫర్వాలేదు" అన్నారనుకోండి. "మీరు ఫోన్‌లో చెప్పినట్టు పెడుతున్నాను, థాంక్స్ సార్" అని ఒక మెయిల్ కొట్టండి. ఎడిటర్లు మారుతుంటారు, మెయిల్ మిగులుతుంది.

అచ్చు నుంచి తెర మీదికి

పదేళ్ల కిందట రాసిన ఫైలు ఇప్పుడు తెరిస్తే పిచ్చి గీతలు కనిపించవచ్చు. అది పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనో, శ్రీలిపితోనో కొట్టిన ఫైలు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనిపించినా, లోపల ఉన్నవి తెలుగు కోడ్లు కావు. కాబట్టి గూగుల్‌కు అది తెలుగని తెలియదు. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్లకూ తెలియదు. యూనికోడ్‌లోకి మారిస్తేనే అది వెతికితే దొరికే తెలుగు అవుతుంది.

మార్చిపెట్టే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. వాటిని నమ్మి నేరుగా పెట్టేయకండి. ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తుల దగ్గర తప్పులు పడుతుంటాయి. ఫైలే లేదు, క్లిప్పింగు ఒక్కటే ఉందంటే, ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు అక్షరాలను కూడా చదివి టెక్స్టుగా ఇస్తుంది. పేపరు వ్యాసం రెండు మూడు కాలమ్‌ల్లో ఉంటుంది కాబట్టి పేజీ మొత్తం ఒకే ఫొటోగా పెడితే ఒక కాలమ్ వాక్యం పక్క కాలమ్‌లో కలిసిపోవచ్చు. ఒక్కో కాలమ్‌ను విడిగా కత్తిరించి పెట్టుకుంటే దిద్దుబాటు సగం తగ్గుతుంది. ఆ తర్వాత అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని, ముఖ్యంగా అంకెలను, ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. మందు మోతాదులోనో పన్ను లెక్కలోనో ఒక సున్నా పోతే మీ పేరే పోతుంది.

శీర్షిక కూడా మారాలి. పత్రికలో శీర్షిక పెట్టేది సబ్ ఎడిటర్. ‘పన్ను పోటుకు కళ్లెం’ అని పెడితే పేజీలో బాగుంటుంది. కానీ ఆ మాటలు కొట్టి ఎవరూ వెతకరు. జనం ఫోన్‌లో "న్యూ టాక్స్ రెజీమ్" అనో "12 లక్షల శాలరీకి టాక్స్ ఎంత" అనో అడుగుతారు, అదీ సగంమంది ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టో, మైకు నొక్కి మాట్లాడో. కాబట్టి మీ శీర్షికలో, మొదటి పేరాలో వాళ్లు వాడే మాటలే ఉండాలి. ‘రాయితీ’తో పాటు ‘రిబేటు’ అని కూడా రాయండి.

ఒక వ్యాసం, దగ్గర నుంచి

విజయవాడలో ఉద్యోగులకు, చిన్న వ్యాపారులకు రిటర్నులు వేసిపెట్టే ఒక టాక్స్ కన్సల్టెంట్ ఉన్నారనుకుందాం. 2023లో కొత్త పన్ను విధానం గురించి ఆయన రాసిన వ్యాసం ఒక దినపత్రికలో వచ్చింది. జీతం 7.5 లక్షల దాకా ఉన్నా పన్ను పడదని అందులో లెక్క వేసి చూపించారు. 50 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే 7 లక్షలు, దాని మీద పడే 25 వేల పన్ను రిబేటుతో కొట్టుకుపోతుంది. ఆ రోజుకు లెక్క సరైనదే.

దాన్నిప్పుడు ఉన్నట్టే పెడితే? 2024లో కొత్త విధానం కింద స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలయింది. 2025 బడ్జెట్‌లో రిబేటు పరిమితిని 12 లక్షలకు పెంచారు. అంటే జీతం 12.75 లక్షలైతే 75 వేలు పోను 12 లక్షలు. అందులో మొదటి 4 లక్షలకు ఏమీ లేదు, తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20 వేలు, ఆపై 4 లక్షలకు 10 శాతం చొప్పున 40 వేలు. మొత్తం 60 వేలు రిబేటులో పోతుంది. దీనికి తోడు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. సెక్షన్ల నంబర్లు మారాయి. ‘అసెస్‌మెంట్ ఇయర్’ పోయి ‘టాక్స్ ఇయర్’ వచ్చింది. పాత వ్యాసం తేదీ లేకుండా తిరిగితే, చదివినవాడు తప్పు లెక్క వేసుకుంటాడు. రాసిన కన్సల్టెంటుకే కొత్త రూల్ తెలియదేమో అనుకుంటాడు.

కాబట్టి ఆయన మొదట చేయాల్సింది అంకెలు మార్చి, పైన ఇలా రాయడం: "ఈ వ్యాసం మొదట 2023లో ఫలానా దినపత్రికలో వచ్చింది. 2025 బడ్జెట్ మార్పులతో తిరగరాశాను." ఈ రెండు ముక్కలు దాచాల్సినవి కావు. పత్రిక వేసుకుందంటే ఒక నమ్మకం, రాసినాయన ఇప్పటికీ రూల్స్ వెంట నడుస్తున్నాడంటే ఇంకో నమ్మకం.

ఆ తర్వాత అదే సరుకు వేర్వేరు చోట్లకు వేర్వేరుగా వెళ్తుంది. సొంత వెబ్‌సైట్‌లో పూర్తి వ్యాసం, లెక్కల పట్టికతో. లింక్డ్‌ఇన్‌లో కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లు ఉంటారు కాబట్టి, వాళ్ల ఉద్యోగులు తరచూ అడిగే మూడు ప్రశ్నలకు ఇంగ్లిష్‌లో జవాబులు. వాట్సాప్‌కు ఒకే ఒక్క లెక్క, నాలుగు లైన్లలో. యూట్యూబ్‌కు అదే లెక్కను తెల్లకాగితం మీద పెన్నుతో వేస్తూ నిమిషం వీడియో. వ్యాపారుల సంఘం పత్రిక అడిగితే, జీతాల లెక్క తీసేసి, షాపు ఆదాయం ఉన్నవాళ్ల ఉదాహరణతో ఇంకో రూపం.

అమెరికాలో తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల సావనీరుకు పంపుదామనుకుంటే మాత్రం ఆగాలి. ఈ రిబేటు మన దేశంలో రెసిడెంట్‌గా లెక్కలోకి వచ్చే వ్యక్తులకే. ఎన్నారైలకు వర్తించదు. హైదరాబాద్‌లో ఫ్లాటు అద్దె వస్తున్న డాలస్ పాఠకుడు ‘12 లక్షల దాకా పన్ను లేదు’ అన్నది చదివి ధీమాగా కూర్చుంటే నష్టపోతాడు. అతనికి కావాల్సింది అద్దె మీద, ఆస్తి అమ్మకం మీద టీడీఎస్ సంగతి. వ్యాసం మంచిదే అయినా ఆ పాఠకుడికి అది తప్పు వ్యాసం. ప్రతి కొత్త చోటికి పంపేముందు ‘ఇక్కడ చదివేవాడికి ఇందులో ఏ వాక్యం తప్పవుతుంది?’ అని ఒక్కసారి అడగండి.

అసలు ప్రతి ఎక్కడ ఉండాలి?

మీ పేరు మీద ఒక సొంత వెబ్‌సైట్, చిన్నదైనా సరే, ఉండటం మంచిది. ఫేస్‌బుక్ పేజీ, ‘మీడియం’ బ్లాగు ఖాతా మీవే అయినా, వాటి రూల్స్ మీ చేతిలో ఉండవు.

ఒకే వ్యాసం రెండు చోట్ల ఉంటే గూగుల్ శిక్షిస్తుందని కొందరు భయపెడతారు. మోసానికి చేయనంతవరకు అలాంటి శిక్షేం లేదు. జరిగేది వేరు. అచ్చంగా ఒకేలా ఉన్న పేజీల్లో గూగుల్ ఒకదాన్ని అసలుగా ఎంచుకుని దాన్నే చూపిస్తుంది. పోటీ మీ చిన్న సైట్‌కూ పెద్ద పత్రిక సైట్‌కూ మధ్య అయితే, ఆ ఒక్కటీ మీది కాకపోవచ్చు. మీరు వెనకబడేది అక్కడ.

దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, మీ సైట్‌లో పెట్టేది నిజంగా కొత్త రూపం కావాలి. పైన చెప్పినట్టు తిరగరాస్తే సగం సమస్య తీరినట్టే. రెండోది, మీ వ్యాసాన్ని ఇంకో సైట్ తిరిగి వేసుకుంటానంటే, వాళ్ల పేజీని గూగుల్ లెక్కలోకి తీసుకోకుండా ‘నోఇండెక్స్’ పెట్టమని అడగండి. అసలు ప్రతి ఇదీ అని చెప్పే ‘కెనానికల్’ ట్యాగ్ 2009 నుంచి ఉంది కానీ, ఇలా వేరే సైట్లకు ఇచ్చే వ్యాసాల విషయంలో గూగుల్ ఇప్పుడు నోఇండెక్స్‌నే సూచిస్తోంది. వాళ్లు ఒప్పుకోకపోతే కనీసం మీ పేజీకి లింకు ఇవ్వమనండి. మూడోది, మీడియంలో పెట్టేటప్పుడు కాపీ పేస్ట్ చేయకుండా దానిలోని ‘ఇంపోర్ట్’ సదుపాయం వాడండి. అసలు ప్రతి మీ సైట్‌లో ఉందని చెప్పే కెనానికల్ ట్యాగ్‌ను మీడియమే పెట్టుకుంటుంది.

వందల సైట్లలో వేస్తామంటే

"సార్, మీ ఆర్టికల్ 500 సైట్లలో పబ్లిష్ చేస్తాం, గూగుల్‌లో ఫస్ట్ పేజీ గ్యారంటీ" అంటూ మీకూ ఫోన్లు వచ్చే ఉంటాయి. వద్దనండి.

ఈ వ్యాపారం పాతదే. 1999లో మొదలైన ఈజైన్‌ఆర్టికల్స్ లాంటి ఆర్టికల్ డైరెక్టరీలు ఒకప్పుడు ఒక వెలుగు వెలిగాయి. వ్యాసాన్ని ఉచితంగా వేసుకునేవి, కింద రచయిత పరిచయంలో అతని సైట్ లింకు ఉండేది. ఎన్ని లింకులుంటే వెతుకులాటలో అంత పైకి వస్తామన్న ఆశతో జనం వాటిమీద పడ్డారు. ఒక వ్యాసంలో మాటలు అటూ ఇటూ మార్చి వందల కాపీలు తీసే సాఫ్ట్‌వేర్లు కూడా పుట్టుకొచ్చాయి. 2011 ఫిబ్రవరిలో గూగుల్ ‘పాండా’ పేరుతో తెచ్చిన మార్పుతో ఆ డైరెక్టరీలు ఒక్కసారిగా కిందికి జారాయి. లింకుల కోసం కుప్పలుగా వ్యాసాలు పంచడం నియమాలకు విరుద్ధమని గూగుల్ 2017లో మళ్లీ హెచ్చరించింది. 2024 మార్చిలో స్పామ్ నియమాలను ఇంకా బిగించింది. ర్యాంకు కోసమే గుట్టలుగా పేజీలు తయారుచేస్తే, మనిషి చేసినా మెషీన్ చేసినా అది స్పామే. కాబట్టి ఏఐతో ఒక వ్యాసాన్ని యాభై రకాలుగా తిప్పించడం కూడా అదే దారి.

500 అనామక సైట్లకన్నా మీ ఖాతాదారులు నిజంగా చదివే ఐదు చోట్లు మేలు. వ్యాపారుల సంఘం బులెటిన్, అపార్ట్‌మెంట్ వాసుల గ్రూపు, మీ వృత్తివాళ్ల న్యూస్‌లెటర్, జిల్లా పేజీ ఉన్న పత్రిక వెబ్‌సైట్, మీ సొంత సైట్.

వృత్తి గీసిన గీత

మార్కెటింగ్ అనగానే అందరికీ ఒకటే రూల్ కాదు. లాయర్లు ప్రకటనలు ఇవ్వడాన్ని, కేసులు అడగడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం నిషేధించింది. 2008 సవరణతో వెబ్‌సైట్‌కు వీలిచ్చినా పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్, అర్హత, ఏ రంగంలో ప్రాక్టీసు లాంటి కొన్ని వివరాలకే. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం మొదటి షెడ్యూలు, డాక్టర్లకు 2002 నాటి వృత్తి నియమావళి హద్దులు గీశాయి. ప్రభుత్వ ఉద్యోగులకు కండక్ట్ రూల్స్ ఉన్నాయి. విషయం వివరించే వ్యాసం వేరు, ‘నా దగ్గరికి రండి’ అనడం వేరు. మీ వృత్తి సంస్థ తాజా నియమాలు చూసుకున్నాకే చివరి పేరా రాయండి.

వ్యాసం కింద నాలుగు లైన్లు

పని తెచ్చేది వ్యాసం కింద ఉండే పరిచయమే. దాన్నే అందరూ ఆఖర్న హడావుడిగా రాస్తారు. ‘ప్రముఖ పన్ను నిపుణులు, పలు అవార్డుల గ్రహీత, విశేష అనుభవజ్ఞులు’ అంటే చదివినవాడికి ఒరిగేదేం లేదు. ‘విజయవాడలో ఉద్యోగులకు, చిన్న దుకాణదారులకు రిటర్నులు వేస్తాను. నోటీసు వస్తే జవాబు ఎలా ఇవ్వాలో చూస్తాను. ఇందులోని లెక్కల పట్టిక నా వెబ్‌సైట్‌లో ఉచితంగా తీసుకోవచ్చు’ అంటే ఎవరికి, ఏ పనికి, తర్వాత ఏం చేయాలి అన్న మూడూ తెలుస్తాయి. లింకు ఒక్కటే ఉండాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్, రెండు ఫోన్ నంబర్లు అన్నీ పెడితే దేన్నీ నొక్కరు.

ఎప్పుడు పెడుతున్నారన్నదీ ముఖ్యమే. పన్ను వ్యాసం రిటర్నుల సీజన్ మొదలయ్యే జూన్‌లో, డెంగీ వ్యాసం వానలు పడగానే, విత్తన శుద్ధి వ్యాసం ఖరీఫ్ విత్తనాలకు ముందు. సైట్‌లో మాత్రం కనీసం నెల ముందే ఉంచండి. గూగుల్ దాన్ని గుర్తించి పైకి తేవడానికి సమయం పడుతుంది. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. జనం ఏ మాటలు కొట్టి మీ పేజీకి వచ్చారో అందులో తెలుస్తుంది. వాటినే తర్వాతి దిద్దుబాటులో వాడుకోండి. కొత్తగా ఫోన్ చేసినవాళ్లను "మా గురించి ఎక్కడ చూశారండీ?" అని అడిగి ఒక డైరీలో రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఏ చోటు పని తెస్తోందో, ఏ చోటు ఊరికే లైకులు తెస్తోందో ఆ డైరీయే చెబుతుంది.

ఈ ఆదివారం కూర్చుని ఇప్పటిదాకా అచ్చయిన వ్యాసాలన్నీ ఒక కాగితం మీద వేయండి. ఎక్కడ వచ్చింది, ఎప్పుడు వచ్చింది, హక్కు ఎవరిది, ఏ వివరం పాతబడింది, ఇప్పుడు ఎవరికి పనికొస్తుంది అని ఐదు గళ్లు గీయండి. ఐదో గడిలో వెంటనే జవాబు రాయగలిగిన వ్యాసాన్ని ముందు తీసుకోండి. ఎడిటర్‌కు మెయిల్ పెట్టి, దిద్ది, సైట్‌లో పెట్టి, ఇంకో రెండు చోట్లకు తగినట్టు మార్చి పంపండి. ఆ ఒక్కటి పూర్తయ్యాకే రెండోది ముట్టుకోండి.